అలాస్కా స్తంభం మీద గుడియాత్తం

విమానం వెనక తలుపు తెరిచారు. చలి అన్నిటికంటే ముందు ముక్కులోకి దూరింది. లోపలి తడి గడ్డకట్టి సూదుల్లా గుచ్చింది. అలాస్కా. అక్టోబరు చివర. పొద్దున ఎనిమిది దాటినా చీకటే. ఒంటిమీద మూడు పొరల ఉన్ని, ఆపైన తెల్ల కోటు, ఒక్కోటి ఇటుక బరువున్న బూట్లు. వీపున సంచిలో మా నాయన ట్యూబు.

ఆ ట్యూబు సంగతి ముందే చెప్పాలి. మాది వేలూరు దగ్గర గుడియాత్తం. ఇంట్లో మగవాళ్ళంతా మేస్త్రీలే. అవతలిది కనిపించే సన్న గొట్టంలో నీళ్ళు నింపి, రెండు కొసలు రెండు చోట్ల పట్టుకుంటే, నీళ్ళు రెండు పక్కలా ఒకే ఎత్తున నిలుస్తాయి. అదే మట్టం. మా నాయన జీవితమంతా దాంతోనే ఇళ్ళు కట్టాడు. నేను సైన్యంలో చేరి, కట్టడాలు కట్టే ఇంజనీర్ల దళంలో హవల్దారునయ్యాను. అమెరికా సైనికులతో కలిసి మంచులో పని చేసే అభ్యాసానికి మా యూనిట్‌లో కొందరిని ఎంచారు. నన్ను ఎంచింది మా సుబేదారు. ఆరణి ఊరి తమిళాయన.

"సామానంతా ఎత్తుకో. నీ నోరు మాత్రం ఇక్కడే వదిలేసి రా" అన్నాడు బయలుదేరే ముందు. నేను వదల్లేదు.

శిబిరం గేటు దగ్గర ఒక స్తంభం ఉంది. దాని నిండా బాణం ఆకారంలో కోసిన చెక్క పలకలు. ఒక్కో పలక మీద ఒక్కో ఊరి పేరు, ఆ ఊరి దిక్కుకు తిరిగి ఉంది. అక్కడ పని చేసిపోయిన వాళ్ళ ఊళ్ళట. టెక్సస్ ఊళ్ళు, మిన్నెసోటా ఊళ్ళు, నేనెన్నడూ వినని ఊళ్ళు. మనవైపు ఊరు ఒక్కటీ లేదు. చూడగానే నా బుర్రలో పురుగు తొలిచింది. దీని మీద గుడియాత్తం ఎక్కాలి.

మా టోలీకి, అంటే మా జట్టుకు, పెద్ద ఒక ఆడ సార్జెంటు. లూసియానా రాష్ట్రం ఆమెది. అడిగితే ఒక్క మాటలో తేల్చేసింది. "పని పాసయితేనే పలక."

ఆజ్ఞ చిన్నదే. వైద్య శిబిరంలో గదికి చెక్క నేల. మంచు నేల మీద దుంగలు నిలబెట్టి, దూలాలు పరిచి, పైన చెక్కలు పరచాలి. స్ట్రెచర్ మీద మనిషిని పడుకోబెడితే పక్కకు జారకూడదు. వారంలో అయిపోవాలి. మట్టం చూసే లేజర్ మిషను ఒక్కటే ఉంది, అది వాగు మీద వంతెన కట్టే టోలీకి పోయింది. సార్జెంటు కాస్త ఆలోచనలో పడింది. నేను ఆగలేక నోరు విప్పాను.

"మిషనెందుకు మేడం? మా నాయన ట్యూబు ఉంది. దీంతో మా ఊళ్ళో మూడంతస్తులు లేపినాం."

సుబేదారు నా మోచెయ్యి గిల్లాడు. "పోదుంపా, చాలు."

మా టోలీలో ఉన్న ఇద్దరు అమెరికా సైనికులనూ వాళ్ళ రాష్ట్రాల పేర్లతోనే పిలిచేవాళ్ళు. "టెక్సస్, మేకులు!" "మిన్నెసోటా, రంపం!" నన్ను ఇండియా అన్నారు. మాకూ రాష్ట్రాలున్నాయి అన్నాను. ఏ రాష్ట్రమని అడిగారు. తమిళనాడన్నాను. మీ భాష తమిళమా అన్నారు. కాదు, తెలుగన్నాను. మిన్నెసోటా తల గోక్కున్నాడు. టెక్సస్ మాత్రం పకపకా నవ్వాడు. వాళ్ళది మెక్సికో సరిహద్దు పక్క ఊరు. ఇంట్లో స్పానిష్, బళ్ళో ఇంగ్లీషు. మాది ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. మా ఊరు దాటి కాస్త పోతే ఆంధ్రా. ఆ నవ్వుతోనే మేం చుట్టాలమైపోయాం.

అంతవరకు అమెరికా అంటే నాకు ఒకటే ముద్ద. పెద్ద మేడలు, పెద్ద కార్లు. పొయ్యి చుట్టూ టీ తాగుతూ ఆ ముద్దను వాళ్ళే విడదీసి చూపించారు. టెక్సస్ ఫోన్‌లో వాళ్ళ పొలం ఫోటో చూపించాడు. ఎండిన నేల, ముళ్ళ చెట్లు. చూసి ఎగిరి గంతేశాను. మన సీమతుమ్మకు అన్నదమ్ముడే! మనం దాంతో బొగ్గు కాలుస్తాం, వాళ్ళు దాని సెగ మీద మాంసం కాలుస్తారు. ఎండ సంగతి వచ్చేసరికి మేమిద్దరం పోటీ పడ్డాం. వేలూరు మే నెల గురించి నేను చెబుతుంటే వాడు ఒప్పుకోడు, వాడు చెబుతుంటే నేను ఒప్పుకోను. అలా వాదించుకుంటున్నంతసేపూ ఇద్దరికీ పళ్ళు టకటక కొట్టుకుంటూనే ఉన్నాయి.

మిన్నెసోటా వేరే లోకం. అక్కడ చలికాలం చెరువు గట్టిపడితే దాని మీదికి కారు తోలుకుపోతారట. మంచుకు రంధ్రం పొడిచి, పక్కన గుడిసె వేసుకుని చేపలు పడతారట. మా ఊరి పక్క మోర్ధానా డ్యాము నీళ్ళ మీద బండి తోలడం ఊహించుకుని నవ్వాపుకోలేకపోయాను. తిండిలో కారం సున్నా. కానీ ఒక గుణం మాత్రం అచ్చం మనవాళ్ళదే. ఏదైనా పెడితే వద్దంటాడు. ఇంకోసారి అడిగినా వద్దంటాడు. మూడోసారి అడిగితే తీసుకుంటాడు. టెక్సస్ అట్లా కాదు, అడగకముందే ప్లేటు చాపుతాడు.

లూసియానా సార్జెంటుది నీళ్ళ నేల, అన్నం తినే నేల. మా వంటవాడి ఎండుచేపల పులుసు తిని వేళ్ళు నాకింది. వాళ్ళ ఊళ్ళో శవం వెంట బాకాలు ఊదుకుంటూ పోతారట, సమాధి చేసి వచ్చేటప్పుడు ఆడతారట.

"మావాళ్ళకు అంత ఓపిక ఉండదు మేడం. పోయేటప్పుడే ఆడేస్తారు" అన్నాను. ఆమె లేచి వచ్చి నాతో చెయ్యి కలిపింది.

కబుర్లు బాగున్నాయి. పనిలో మాత్రం పప్పులో కాలేశాం.

ట్యూబు ఒక కొస నేను, ఒక కొస టెక్సస్ పట్టుకుని దుంగలకు గీతలు గీశాం. గీతల ప్రకారం కోసి, దూలాలు ఎక్కించి, చెక్కలు పరిచాం. సార్జెంటు వచ్చింది. వంటింటి నుంచి తెచ్చిన ఒక ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, నేల మధ్యలో పెట్టింది. అది కాసేపు ఆలోచించింది. తర్వాత కదిలింది, దొర్లింది, మూలకు పోయి అంచు మీంచి కింద పడింది. ఆమె రేడియో అందుకుంది.

"నేల పాస్ కాలేదు. రేపు సాయంత్రం దాకా గడువు."

సుబేదారు మొహం చూడలేకపోయాను. నన్ను నమ్మి తెచ్చినాయన ఆయన. మా నాయన ట్యూబు తప్పు చెప్పదు, మరి ఎట్లా జరిగింది? మోకాళ్ళ మీద కూర్చుని గొట్టాన్ని వేలితో నొక్కుకుంటూ పోయాను. మధ్యలో గట్టిగా తగిలింది. రెండు కొసలూ మా చేతుల వేడికి నీళ్ళుగానే ఉన్నాయి. మంచు మీద పడున్న నడిమి భాగం గడ్డకట్టింది. ఇక మట్టం ఎక్కడిది? నేను చూసింది అబద్ధం. నీళ్ళు గడ్డకడతాయని గుడియాత్తం మేస్త్రీ కొడుక్కి తోచలేదు. మా ఊళ్ళో నీళ్ళు కాగుతాయి, ఆరిపోతాయి, మాయమైపోతాయి. గడ్డకట్టడం ఐసు బండి వాడి పని.

మిన్నెసోటా గొట్టం చూశాడు, నన్ను చూశాడు. నవ్వలేదు, మంచి మనిషి. ట్రక్కు దగ్గరకు పోయి నీలం రంగు డబ్బా తెచ్చాడు. కారు అద్దం కడిగే నీళ్ళట. వాళ్ళ ఊళ్ళో ఆ నీళ్ళు కూడా గడ్డకట్టని రకమే పోస్తారట.

"మీ ఊళ్ళో కార్లలో ఏం పోస్తారు?" అన్నాడు.

"కొళాయి నీళ్ళు" అన్నాను. అప్పుడు నవ్వాడు.

గొట్టాన్ని వేడి గుడారంలో పెట్టి కరిగించాం. నీలం నీళ్ళు నింపాం. బుడగ లేకుండా చూశాం. నీలం గీత మామూలు నీళ్ళకంటే బాగా కనబడింది. నేల విప్పి, దుంగలు మళ్ళీ గీసి, కోసి, బిగించాం. ఎవరమూ అన్నానికి లేవలేదు. మర్నాడు సాయంత్రం సార్జెంటు అదే ఎర్రగడ్డతో వచ్చింది. నేల మధ్యలో పెట్టింది. అది కూర్చుంది. కూర్చునే ఉంది. సుబేదారు కిందికి వంగి ఆ ఎర్రగడ్డకు సెల్యూట్ చేశాడు.

"పలక రాసుకో" అంది సార్జెంటు.

తెల్లారితే మా ప్రయాణం. పలక కోసి రంగు డబ్బా తెరిచాను. తమిళంలో రాయబోతుంటే టెక్సస్ ఆపాడు. "మీ అమ్మతో మాట్లాడే భాషలో రాయి. నాది చూడు" అన్నాడు. వాడి పలక మీద ఊరి పేరు కింద ఒక స్పానిష్ ముక్క ఉంది. వాళ్ళ అవ్వ ఊరిని పిలిచే తీరట.

కుంచె నా చేతిలో ఆగిపోయింది. నాకు తెలుగు రాయడం రాదు. చదవడమూ రాదు. నేను బళ్ళో నేర్చుకున్నది తమిళ అక్షరాలు. నలభై దాటిన మనిషిని, మా అమ్మ భాషలో మా ఊరి పేరు రాయలేను. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. నా భార్య సరళకు ఫోన్ చేశాను. ఆమెది పలమనేరు, తెలుగు బళ్ళో చదివింది.

"యాడుండావప్పా? తిన్నావా?"

"తిన్న్యా. మన ఊరి పేరు తెలుగులో రాసి ఫోటో పంపు. తొందరగా."

"ఆ చలిలోకి పోయినాక నీకు తెలుగు గుర్తొచ్చిందా నాయనా!" అని నవ్వింది. పంపింది.

ఎర్ర రంగుతో చూసి గీశాను. రాయలేదు, బొమ్మ గీసినట్టు గీశాను. గుండ్రాలు, కొక్కేలు, పైన చిన్న టిక్కులు. ఎంత అందంగా వచ్చాయో! రాత్రంతా పొయ్యి పక్కన ఆరబెట్టాను.

పొద్దున చీకట్లో ట్రక్కు హారన్ కొడుతోంది. నిచ్చెన ఎక్కాను. మిన్నెసోటా దిక్సూచి చూసి ఇండియా ఎడమ వైపన్నాడు. నేను బాణం మొన కుడికి కోశాను. పలకను గిర్రున తిప్పి, మొన ఎడమకు పెట్టి, నాలుగు మేకులు కొట్టాను. టార్చి వేసి ఫోటో తీశారు. సుబేదారు "భేష్" అన్నాడు. అంతా చప్పట్లు కొట్టారు. నా గుండె పొంగిపోయింది.

కాట్పాడిలో రైలు దిగినప్పుడు చెమట కారింది. ఎంత హాయిగా ఉందో. ఇంట్లో అడుగు పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా సరళకు ఫోటో చూపించాను. ఆమె చూసింది. ఫోన్ తిప్పింది. మళ్ళీ తిప్పింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"అయ్యో సామీ! ఊరిని తలకిందులుగా ఏలాడదీసినావు గదప్పా!"

"యాడ? బాగానే ఉండాది గదా?"

"తలకట్లు చూడు. అన్నీ కింద ఉండాయి."

ఆ సాయంత్రమే ఆమె నాకు అ, ఆ మొదలుపెట్టింది. ఇది రాస్తున్న అక్షరాలు అట్లా వచ్చినవే. వంకరగా ఉంటే తప్పు నాది, గురువుది కాదు.

మరుసటి చలికాలం టెక్సస్ ఆ స్తంభం ఫోటో ఒకటి పంపాడు. వాడు అక్కడే ఉన్నాడు. పలక తలకిందులైన సంగతి నేనే ముందు ఫోన్‌లో చెప్పి ఉన్నాను. నిచ్చెన ఎక్కి సరిచెయ్యనా అని అడిగాడు. సరళ వైపు చూశాను.

"వద్దని చెప్పు. ఆడ ఉండేది భూమికి అవతలి పక్క గదా, అట్లే ఉండాల" అంది, వంకాయ తరుగుతూనే.

వాడు సరిచెయ్యలేదు. నేను కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ అదే. చుట్టూ తెల్లటి మంచు, టెక్సస్‌కూ మిన్నెసోటాకూ నడుమ ఎర్ర అక్షరాలు, తలకట్లు కిందికి వేలాడేసుకుని మా గుడియాత్తం.