ఊ కొట్టేవాళ్ళిద్దరు

నిజం చెప్పొద్దూ, ఆ శనివారం మేము లైబ్రరీకి వెళ్ళింది చరిత్ర తెలుసుకుందామని కాదు. షికాగో పక్కన మా నేపర్‌విల్‌లో ఫిబ్రవరి నెలలో ముసలాయన్ని, రెండో క్లాసు పిల్లని వెంటేసుకుని పైసా ఖర్చు లేకుండా వెచ్చగా కూర్చోగలిగిన చోటు అదొక్కటే. మాల్‌కి వెళ్తే నాన్నకి కాళ్ళు నొప్పులు, ఇంట్లో ఉంటే నాకు తలనొప్పి.

అమ్మ పోయాక నాన్నని ఆరు నెలలు ఉంచుకుందామని మా ఇంటికి తీసుకొచ్చాను. తీసుకొచ్చాక పట్టుకుంది నాకు బెంగ. మనిషి మాట్లాడడే. "కాఫీ ఇవ్వనా నాన్నా?" "ఊఁ." "టీవీ పెట్టనా?" "ఊఁ." "చలేస్తోందా?" "ఊఁ." సాయంత్రం నేను ఆఫీస్ కాల్స్ ముగించుకుని గదిలోంచి బయటికి రాగానే మాత్రం తలెత్తి, "ఏవమ్మా, ఏంటి కబుర్లు?" అని అడిగేవాడు. "ఏమున్నాయి నాన్నా, మామూలే" అనేసి వంటింట్లోకి పోయేదాన్ని. ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగి మంచుని చూస్తూ కూర్చునేవాడు. డాక్టర్‌కి చూపిద్దామా అని మా ఆయనతో అన్నాను కూడా.

మా అమ్మ దీనికి పూర్తిగా ఎదురు. ఒంగోలు పక్క మా ఊళ్ళో ఆవిడ నోటికి ఆనకట్ట లేదనేవారు. రాత్రి ప్రార్థన మొదలుపెడితే మా పేటలో ప్రతి ఇంటి సంగతీ, ఆ ఇంటి గేదె జబ్బుతో సహా, దేవుడికి చెప్పి గాని ముగించేది కాదు. నాన్న ఎదురుగా కూర్చుని ఊఁ, ఊఁ అంటూ ఉండేవాడు, దేవుడి తరఫున తనే హామీ ఇస్తున్నట్టు.

మా లైబ్రరీలో ఏటా ఫిబ్రవరి నెలంతా నల్లజాతి వాళ్ళ చరిత్ర, సంస్కృతి మీద చిన్నాపెద్దా అందరికీ కార్యక్రమాలు పెడతారు. ఒక రోజు డ్రమ్ములు, ఒక రోజు వంటలు, ఒక రోజు బొంతలు కుట్టడం. శనివారాలు పొద్దున కథలు. పన్నెండేళ్ళుగా ఇక్కడున్నా నేను ఒక్కదానికీ వెళ్ళలేదు. మన తెలుగువాళ్ళ పార్టీల్లో నల్లవాళ్ళ గురించి తలా ఒక మాట అనడమే గాని, మా ఇంటికి వచ్చి అన్నం తిన్న నల్లజాతి మనిషి ఒక్కరూ లేరు. ఆ సంగతి ఆ గదిలో కూర్చున్నాకే తట్టి, కాస్త ఇబ్బందిగా అనిపించింది.

గది నిండా అన్ని రంగుల వాళ్ళూ ఉన్నారు. పెద్దవాళ్ళు కుర్చీల్లో, పిల్లలు కార్పెట్ మీద, తడి బూట్లు తలుపు దగ్గర. కథ చెప్పే ఆవిడకి డెబ్బై దాటి ఉంటాయి. పసుప్పచ్చ స్వెటరు, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు. మంచు బూట్లు విప్పి, సంచిలోంచి ఇంటి చెప్పులు తీసి వేసుకుని మరీ కూర్చుంది. అది చూసి నాన్నకి నచ్చినట్టుంది, నా వైపు చూసి తలాడించాడు.

"ఇది మా అమ్మమ్మ కథ," అని మొదలుపెట్టింది ఆవిడ. "దీంట్లో మీకూ పనుంది. మీరంతా రైలు పెట్టెలో జనం. కోడి అరిచినప్పుడల్లా మీరు గట్టిగా 'మ్‌హ్మ్' అనాలి. అనకపోతే కోడి దొరికిపోతుంది."

కథ ఇది. వాళ్ళ అమ్మమ్మ ఎనిమిదేళ్ళ పిల్లగా తల్లితో మిసిసిపీ వదిలి షికాగోకి రైలెక్కింది. పొలం ఆసామికి తెలిస్తే వెళ్ళనివ్వడని తెల్లారకముందే బయల్దేరారు. నల్లవాళ్ళ పెట్టె ఇంజను వెనకే, పొగంతా అందులోకే. భోజనాల పెట్టెలోకి వీళ్ళని రానివ్వరు కాబట్టి చెప్పుల అట్టపెట్టెలో ఉడికించిన గుడ్లూ, వేయించిన కోడీ, రొట్టే పెట్టుకున్నారు. పిల్ల మాత్రం తన పెంపుడు కోడిపెట్టని వదలనని ఏడ్చి, కోటు కింద దాచి తెచ్చింది. కండక్టర్ చూస్తే కిటికీలోంచి విసిరేస్తాడు. అందుకని అది కొక్కొక్కొ అన్నప్పుడల్లా పెట్టెలో జనమంతా ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటున్నట్టు నటిస్తూ 'మ్‌హ్మ్, మ్‌హ్మ్' అని ఆ చప్పుడు కప్పేసేవాళ్ళు.

కథ బాగుంది, జనమే బాగాలేదు. లైబ్రరీలో గట్టిగా మాట్లాడకూడదని పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్నవాళ్ళం కదా. మొదటిసారి కోడి అరిస్తే నలుగురైదుగురు సిగ్గుపడుతూ గొణిగారు. రెండోసారి ఇద్దరు. మూడోసారి కోడి అరిచింది, గదిలో చీమ చిటుక్కుమనలేదు. ఆవిడ ఆగిపోయింది. పక్కకి తిరిగి, ఎవరూ లేని చోట ఎవరి కోసమో చూసింది. తరువాతి ముక్క నోటికి రావడం లేదని నాకు తెలిసిపోయింది. పాపం అనిపించింది గాని నేనూ నోరు విప్పలేదు.

అప్పుడు నా పక్కనుంచి "ఊఁ" అని వినిపించింది. గొణుగుడు కాదు. మా అమ్మ కథ చెబుతుంటే రాత్రి డాబా మీద వినిపించినంత నిండుగా.

గదంతా మా వైపు తిరిగింది. నా పరువు గంగలో కలిసింది. నల్లజాతి పెద్దావిడ కథ చెబుతుంటే ఎవరో ఇండియన్ ముసలాయన వెక్కిరించాడనుకుంటే? నేను ఆయన మోచెయ్యి పట్టుకున్నాను. "నాన్నా, ఇక్కడ అలా అనకూడదు." కార్పెట్ మీంచి మా అమ్మాయి తల తిప్పి, "తాతా, స్టాప్. అందరూ చూస్తున్నారు" అంది.

"ఎవరది?" అంది పెద్దావిడ.

నేను లేచాను. "సారీ. మా నాన్నగారు. ఆయనకి ఇంగ్లీష్ అంతగా రాదు. మా వైపు కథ చెబుతుంటే వినేవాళ్ళు అలా అంటుండాలి. అలవాటు."

"ఇంగ్లీష్ రాకపోతే సరిగ్గా కోడి అరిచినప్పుడే ఎలా అన్నాడమ్మా?" అంది ఆవిడ. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఆయన్ని తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టు. ఇందాకటి నుంచి నేను చూస్తున్నది అలాంటి మనిషి కోసమే."

నాన్న మంకీ టోపీ సర్దుకుని, మా ఆయన జాకెట్ చేతులు మడుచుకుంటూ వెళ్ళి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. కోడి మళ్ళీ అరిచింది. "ఊఁ" అన్నాడు. పిల్లలు ఆయన్ని చూసి మొదలుపెట్టారు, పిల్లల్ని చూసి పెద్దలు. కోడి షికాగో చేరేసరికి పక్క గదిలోంచి ఎవరో వచ్చి తలుపు దగ్గరికి వేసి వెళ్ళారు.

అయిపోయాక జ్యూస్ బల్ల దగ్గర ఆవిడ నాకు అసలు సంగతి చెప్పింది. "లైబ్రరీ వాళ్ళు పిలిచింది మా అక్కని. క్రిస్మస్‌కి ముందు పోయింది. కథలు చెప్పేది తనే. నేను పక్కన కూర్చుని మ్‌హ్మ్ అనేదాన్ని. చిన్నప్పటి నుంచీ అంతే, ఇద్దరం అలాగే బళ్ళకీ చర్చిలకీ తిరిగాం. ఈ కథలు ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ రావు. కానీ నాకొచ్చింది చెప్పడం కాదు, జవాబివ్వడం. ఇవాళ కుదరకపోతే మిగతా శనివారాలు నావల్ల కాదని చెప్పేద్దామనుకునే వచ్చాను. నేను మానేస్తే అమ్మమ్మ ఆ రైల్లోనే ఉండిపోతుంది." అని నాన్న వైపు చూసి, "ఆయన వచ్చే వారం వస్తాడా?" అంది.

కార్‌లో నాన్నకి కథంతా తెలుగులో చెప్పబోయాను. చెప్పుల పెట్టెలో భోజనం ఎందుకు పెట్టుకున్నారో, రైల్లో వేరే పెట్టె ఎందుకో వివరిస్తుంటే, "అది నాకు చెప్పక్కర్లేదమ్మా" అన్నాడు. "మా నాన్నకి బజార్లో టీ హోటలు చూరులో వేరే గ్లాసు ఉండేది. తనే తీసుకుని, తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టి రావాలి." నలభై ఏళ్ళు వచ్చాయి నాకు. ఆ గ్లాసు సంగతి ఎన్నడూ వినలేదు. ఆ పెద్దావిడ అక్క పోయిన సంగతీ, ఆవిడది జవాబిచ్చే పని కావడమూ చెప్పాను.  ట్రెయిన్ స్టేషన్ దాటాక నాన్న అన్నాడు, "అయితే ఆవిడా నాలాంటిదే."

స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న నాకు అప్పటికి గాని బుర్ర వెలగలేదు. నాన్న మాట్లాడడం మానేశాడని ఏడుస్తున్నానే గాని, ఆయన ఎప్పుడు మాట్లాడాడు కనక? నలభై ఐదేళ్ళు అమ్మ చెబితే విన్న మనిషి. ఇప్పుడు వినడానికి ఏమీ లేక కూర్చున్నాడు. రోజూ కబుర్లేంటని అడిగితే మామూలే అన్నది నేను.

ఆ సాయంత్రం గట్టిగా అనుకుని ఆయన ఎదుట కూర్చుని ఆఫీస్ సంగతులు మొదలుపెట్టాను. రిలీజ్ వాయిదా పడిందనీ, టెస్టింగ్ వాళ్ళకీ మాకూ పడడం లేదనీ. ఆయన పాపం ఊఁ, ఊఁ అన్నాడు. రెండు నిమిషాల్లో నా దగ్గర సరుకు అయిపోయింది. అమ్మ గేదె జబ్బుని కూడా గంటసేపు చెప్పేది. నా చేతిలో సంగతి ఉన్నా కథ కావడం లేదు.

మిగతా శనివారాలు నాన్న ఎనిమిదింటికే టోపీ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడేవాడు. పెద్దావిడ గొంతు వారానికి కొంచెం నిలదొక్కుకుంది. అమ్మమ్మ షికాగోలో మొదటిసారి ట్రామ్‌లో నచ్చిన సీట్లో కూర్చున్న రోజు, ఎవరైనా లేపుతారేమో చూద్దామని దిగాల్సిన చోటు దాటిపోయినా దిగని కథ చెప్పినప్పుడు ఆవిడ ఎవరి కోసమో వెతుకుతున్నట్టు పక్కకి చూడడం మానేసిందని గమనించాను. అంటే చూసేది, అక్కడ నాన్న ఉండేవాడు.

ఆఖరి శనివారం కథ అయిపోయాక ఆవిడ లేవలేదు. "ఈ నెలంతా ఈయన నా కోడిని కాపాడాడు. ఇవాళ ఈయన చెబుతాడు, నేను జవాబిస్తాను" అంది. నేను తెలుగులో చెప్పాను. నాన్న బెదిరిపోయాడు.

"నాకేం వచ్చమ్మా? చెప్పేది మీ అమ్మ కదా."

ఆ మాట ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. "నేనూ అదే అన్నానుగా" అంది ఆవిడ, చెప్పుల కాళ్ళు ముందుకి చాపుకుని సర్దుకుని కూర్చుంటూ. నాన్న కాసేపు అరచేతులు చూసుకున్నాడు. తరువాత తెలుగులోనే మొదలుపెట్టాడు.

"మా ఆవిడ చిన్నప్పుడు బడికెళ్ళేది. బళ్ళో కుండ ఉండేదంట. మా పేట పిల్లలు కుండ ముట్టుకోకూడదు. ఎవరన్నా పోస్తే దోసిలి పట్టి తాగాలి."

"మ్‌హ్మ్" అంది ఆవిడ.

"ఒకరోజు పోసే పిల్ల రాలేదు. ఎండాకాలం. పొద్దుటి నుంచీ దాహం. సాయంత్రం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. ఈవిడ చెప్పకుండా చేయకుండా బైటికి పరిగెత్తి, నోరు తెరుచుకుని ఆకాశం కేసి చూస్తా నిలబడిందంట."

"మ్‌హ్మ్."

"పంతులుగారు కోప్పడ్డారు. ఎవర్నడిగి వెళ్ళావే అని. మా ఆవిడ ఏవన్నదంటే, 'ఇది పోసేవాడు నన్నేమీ అడగలేదండీ' అందంట. అంతే, పేట పిల్లలంతా బైటికొచ్చి నోళ్ళు తెరిచేశారు. ఆయన ఇంకేం అన్లేక గొడుగేసుకుని ఇంటికెళ్ళిపోయాడంట." నాన్న నవ్వాడు. ఆగాడు. అయిపోయిందనుకున్నాను.

"మ్‌హ్మ్" అంది ఆవిడ, ఇంకా ఉంది కదా అన్నట్టు.

"ఈ మాట పిల్లలకి చెప్పమాకయ్యా అనేది నాతో. నవ్వుతానే చెప్పేది. చెప్పాక ఎప్పుడూ లేచెళ్ళి గ్లాసుడు మంచినీళ్ళు తాగేది."

నా కళ్ళ ముందు మా అమ్మ వంటింట్లో నిలబడి తలెత్తి గటగటా నీళ్ళు తాగుతోంది. రాత్రిళ్ళు ఎన్నిసార్లు చూశానో. గొంతెండిపోయేలా వాగుతావెందుకే అని నాన్నమ్మ అంటే నేనూ నవ్వేదాన్ని.

గదిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. మా అమ్మాయి కార్పెట్ మీంచి లేచొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, తాత ఏం చెప్పాడు?"

చెప్పకూడదనుకున్నాను ఒక్క క్షణం. పిల్లలకి చెప్పొద్దంది కదా. కానీ ఇప్పుడు నేను చెప్పకపోతే ఆ పిల్ల అలా వానలోనే నిలబడి ఉంటుంది, ఆ సంగతి మా నాన్నకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఒక చిన్న పిల్ల ఉండేది," అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. "మీ అమ్మమ్మ." అక్కడ ఆగిపోయాను. తరువాతి మాట రాలేదు.

"మ్‌హ్మ్" అంది పెద్దావిడ.

"ఊఁ" అన్నాడు నాన్న.

చెప్పాను.