మా మోరీ దగ్గర తెరిచిన బోను

బతుకుదెరువుకు ఊరొదిలి వచ్చిన ఈ బమ్రోలిలో మేముండేది ఒక్క గది. పగలు అందులోనే చీరలకు లేసు కుడతాను. రాత్రి ఆ మూటలను గోడకు జరిపి పిల్లలను పడుకోబెడతాను. ఎలుకల మందు పెట్టించడానికి వచ్చిన ఆరోగ్య ఇన్‌స్పెక్టరు మూటలను బూటుతో కదిపి, వెనుక ఎలుక పెంటికలు చూసి, "చీరలు కుడుతున్నారా, ఎలుకలను సాకుతున్నారా?" అని హిందీలో అడిగాడు. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకింకా గుర్తుంది.

మళ్లీ వచ్చినప్పుడు పెంటికలు కనిపిస్తే ఇంట్లో పని ఆపిస్తానని చెప్పి వెళ్లాడు. మా ఆయనకు పవర్‌లూమ్ కార్ఖానాలో ఒక వారం పని ఉంటే ఇంకో వారం ఉండదు. నా కుట్టుపనే మాకు ఆధారం.

కన్నాలన్నీ సిమెంటుతో పూడ్చాను. మూటలను మంచమెక్కించి మేమంతా నేల మీద పడుకున్నాం. అయినా ఎలుకలు తగ్గలేదు. ఒక తెల్లవారుజామున నీళ్లకు వెళ్తే కారణం కనబడింది. మాకు చీరలిచ్చే ఠేకేదారు మా గోడ వెనుక మురికినీళ్ల మోరీ దగ్గర వంగి, గోనెపట్టా కప్పిన బోను తలుపు ఎత్తుతున్నాడు. రెండు ఎలుకలు మా గోడ వైపు ఉరికాయి.

"ఏందన్నా గిది?"

"గోదాంల పడ్డయి చెల్లె. దేవుని వాహనం, చంపుడు పాపం గదా."

"మా ఇంటెన్క ఇడిస్తే పుణ్యమా?"

"జర మెల్లగ మాట్లాడు. రేపు మాల్ కావాల్నా, వద్దా?"

బిందె ఎత్తుకుని వచ్చేశాను. చెబితే ఇతను పని ఇవ్వడు. చెప్పకపోతే ఇన్‌స్పెక్టరు పని ఉండనివ్వడు.

ఇన్‌స్పెక్టరు రానే వచ్చాడు. మంచం కింద కొత్త పెంటికలు. మూటలు బయట పెట్టమన్నాడు. నేను బతిమాలుతుంటే, మాల్ పాడవుతుందని పరుగెత్తుకొచ్చిన ఠేకేదారు, "ఈమెకు శుభ్రం తెలియదు సాబ్, ఎంత చెప్పినా వినదు" అన్నాడు.

ఆ మాటతో ఇక ఆగలేకపోయాను. పక్కింటామె నా మోచెయ్యి గిల్లి, "నోర్మూస్కోయే, మా పని గూడ పోతది" అంది. చెయ్యి విదిలించుకుని, బోను సంగతంతా ఇన్‌స్పెక్టరుకు హిందీలో చెప్పాను. ఠేకేదారు ఆడవాళ్ల మాటలంటూ నవ్వబోయాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "గోదాం తాళం తియ్యి" అన్నాడు.

లోపల చూసి, శుభ్రం చేసేదాకా గోదాం మూయించాడు. నా గదిలో పని ఆపలేదు. ఎలుకలను సాకుతున్నారా అని అప్పుడు నన్ను అన్న మాటకు మాత్రం తప్పయిందని అనలేదు.

మాల్ లేక గల్లీ అంతా ఖాళీగా కూర్చుంది. "నీ రోషానికి మా కడుపులు మాడవెట్టినవ్" అంది పక్కింటామె. గోదాం తెరిచాక అందరికీ మూటలు వచ్చాయి, నాకు తప్ప. అడగడానికి వెళ్తే, "నీకు లేదు చెల్లె" అన్నాడు ఠేకేదారు, తలెత్తకుండానే.

ఇప్పుడు పాండేసరా అవతల వేరే ఠేకేదారు దగ్గర లేసు పని తెచ్చుకుంటున్నాను. చాలా దూరం. వచ్చేటప్పుడు దగ్గరి దారి ఒకటుంది. అయినా మూట నెత్తిన పెట్టుకుని అతని గోదాం ముందు నుంచే నడుస్తాను.