కానుగ నూనెకు ఎంత పడింది?

మైనింగు జోరుమీదున్న ఆ ఏండ్లలో కురుగోడు పక్క మా ఊరోళ్లకు డీజిల్ దొరికేది గగనమైపోయింది. బంకుకు వచ్చిందంతా ఇనుపరాయి లారీలే తాగేస్తాండె. దొరికినా దాని ధర వింటే కడుపు మండుతాండె. నీళ్లు తోడే ఇంజన్ నిలిచిపోయి మా మిరపచేను వాడిపోతాండె. ఇంకో రెండు తడులు పారకుంటే ఆ ఏడు పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

అప్పుడు మా నాయిన బళ్లారిలో ఏదో మీటింగుకు పోయి, కానుగ నూనెతో గూడ ఇంజన్లు తిరుగుతాయని విని వచ్చినాడు. "గట్టు మీద చెట్లు మనవే, కాయలు మనవే. గానుగ ఆడించేదొక్కటే ఖర్చు. డీజిల్లో సగం గూడ పడదు!" అని ఊరంతా టాంటాం వేసినాడు.

కాయలు ఏరేదెవరు? అమ్మ, నేను. ఎండబెట్టేది, కట్టెతో బాదేది, ఒలిచేది? మళ్లీ మేమే. వేలికొసలు పగిలి, సంగటి ముద్ద ముట్టుకుంటే చుర్రుమంటాండె. నాయిన మాత్రం మీసం దువ్వుకుంటా ఇంజన్ చుట్టూ తిరుగుతాండె. ఇంజన్ తిరిగింది, తిరగలేదని నేననను. ఊరికి ఊరే ముక్కు మూసుకునేంత పొగ. మిరపకు ఒక తడి పారింది.

ఆ సాయంత్రం వాకిట్లో నలుగురిని కూర్చోబెట్టుకొని నాయిన మళ్లీ అదే లెక్క మొదలుపెట్టినాడు. అమ్మ చేటలో కాయలు ఒలుస్తానే తలెత్తింది.

"మా కూలి యాడ కలిపినావప్పా?"

"సుమ్నే నోరు మూసుకొని ఉండు. ఇంటోళ్లకు కూలేంది, పిచ్చిదానా!"

నలుగురూ నవ్వినారు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ చేట పక్కన పెట్టి లేచిపోయింది.

తెల్లారి సద్ది కట్టుకొని, ఇనుపరాయి ఏరే ఆడోళ్లతో కలిసి ట్రాక్టర్ ఎక్కేసింది. నేనూ ఎగిరి ఎక్కినా.

నాయిన కాయలు ఒలిచేదానికి కూలోళ్ల కోసం వీధివీధి తిరిగినాడు. ఇనుపరాయికి ఇచ్చే కూలి ఇస్తేనే వస్తామన్నారు. అంత ఇస్తే నూనె ఖర్చు డీజిల్‌ను దాటిపోతాది. ఇంక రోషానికి తానే కూర్చున్నాడు. మేం ఇంటికొచ్చేసరికి చేటలో గుప్పెడు గింజలు, చేతివేళ్లకు గుడ్డపీలికలు. నవ్వు ఆపుకోలేక నేను లోపలికి ఉరికినా.

కూలి చేతికొచ్చిన దినం అమ్మ బంకు కాడ లారోళ్లతో కొట్లాడి మరీ డీజిల్ క్యాను తెచ్చి నాయిన ముందర దించింది.

"ఎంత పడిందే?" అన్నాడు.

"నా వారం కూలి."

నాయిన క్యాను భుజానికెత్తుకొని చేనుకు పోయినాడు. మిరప బతికింది.

ఆ తర్వాత ఎవరన్నా కానుగ నూనెకు ఎంత పడతాదని అడిగితే, "ముందు మీ ఇంటి ఆడోళ్లను అడిగి రాపో" అంటాండె మా నాయిన.