ఆనందమ్మ టీచర్ మూడో దెబ్బ

జమ్మలమడుగులో ఆనందమ్మ టీచర్ చేతి దెబ్బ ఎరగని ఇళ్లు తక్కువ. ముప్పైనాలుగేళ్లు పాఠాలు చెప్పింది. రోజూ ప్రేయర్ అయ్యాక పిల్లలందరి చేతా ఒకే వాక్యం చెప్పించేది: తప్పు ఎవరు చేసినా తప్పే. సొంత కొడుకు బెంజమిన్ క్లాసులో అల్లరి చేస్తే తక్కినవాళ్లకు రెండు దెబ్బలు, వాడికి మూడు. అప్పట్లో అదే బడిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను ఆ మూడో దెబ్బ చూసే ఆమెను గురువనుకున్నాను. ఎంత వెర్రిదాన్నో.

ఆరేళ్ల కిందట పదో తరగతి పరీక్షల్లో మా ఇద్దరికీ ఒకే గదిలో డ్యూటీ పడింది. పవన్ కుమార్ అనే పిల్లాడి చొక్కా మడతలో స్లిప్పు దొరికింది. కిటికీలోంచి స్లిప్పులు పడుతుంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం అప్పట్లో చాలామందికి అలవాటే. ఆనందమ్మ టీచర్ ఊరుకోలేదు. నా చేత రిపోర్టు రాయించి పిల్లాణ్ణి స్క్వాడ్‌కు అప్పగించింది. వాళ్లమ్మ గేటు దగ్గర ఆమె చేతులు పట్టుకుంది.

“పిల్లోడు టీచర్. భయపడి చేసినాడు. ఈ ఒక్కదానికి వాని బతుకు పాడు చేస్తారా?”

“తప్పుకు వయసేందమ్మా,” అంది టీచర్.

పిల్లాడు డిబారయ్యాడు. మళ్లీ బడి మొహం చూడలేదు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీల మీద హమాలీగా చేరాడు.

టీచర్ రిటైరైంది. ఈ మార్చిలో ఆమె మనవరాలు జాస్మిన్ నా గదిలోనే పరీక్ష రాసింది. పదిలో మంచి మార్కులొస్తే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు. సైన్సు పరీక్షనాడు ఆ పిల్ల అట్ట కింద స్లిప్పు కనిపించింది. లాక్కున్నాను. పిల్ల మొహం చూశాను, ఆనందమ్మ టీచర్ మొహం గుర్తొచ్చింది. స్లిప్పు నా బ్యాగులో వేసుకున్నాను. పక్క బెంచీలో స్పందన అనే అమ్మాయి తలెత్తి నన్నే చూసి, మళ్లీ రాసుకోసాగింది.

సాయంత్రం టీచర్ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. మనవరాల్ని చెయ్యి పట్టుకుని బడికి లాక్కెళ్తుందనీ, నన్ను చెడామడా తిడుతుందనీ అనుకున్నాను. నిజానికి తిట్టించుకోవడానికే వెళ్లాను.

“ఎవురన్నా సూసినారా?” అంది.

బెంజమిన్‌కు మూడో దెబ్బ ఎప్పుడూ అందరి ముందే పడేదని నాకు అప్పుడు తట్టింది.

“పిల్లది, శ్రీవిద్యా. భయపడి చేసినాది. ఈ ఒక్కదానికి దాని బతుకు పాడు చేస్తామా?”

ఆ మాటలు ఎక్కడ విన్నానో నాకు వెంటనే గుర్తొచ్చింది. ఆమెకు రాలేదు.

జాస్మిన్‌కు సీటొచ్చింది. టీచర్ నన్ను మిఠాయి తినడానికి పిలిచిన రోజే, వాళ్ల మేడ మీద కడుతున్న గదికి సిమెంటు లోడొచ్చింది. బస్తాలు మోస్తున్నది పవన్ కుమార్. అన్నీ దించి, తువ్వాలుతో మొహం తుడుచుకుని గడప బయటే నిలబడ్డాడు.

“స్పందన మా చెల్లెలు, టీచర్. మీ పాప పక్కనే రాసినాది. అంతా చెప్పింది. నేను గొడవకు రాలేదు, యాడా చెప్పను గూడా. ఒక్కటి అడుగుతా. పాపది తప్పంటే నాది గూడా తప్పే, ఒప్పుకుంటా. పాపది తప్పు గాదంటే, నాది గూడా గాదని చెప్పండి. మాయమ్మ ఇంగా నన్ను దొంగోడనే తిడతాంది. ఆమెకు చెప్పుకుంటా.”

“తప్పు ఎవరు చేసినా,” అని మొదలుపెట్టింది ఆనందమ్మ టీచర్. లోపల జాస్మిన్ హాస్టలుకు బట్టలు సర్దుకుంటోంది. వాక్యం అక్కడే ఆగిపోయింది.

“బస్తాలు తడవకుండా పట్ట కప్పి పోప్పా,” అంది.

అతను కప్పాడు. పోతూ నా వైపు చూశాడు. రిపోర్టు రాసిందీ నేనే, స్లిప్పు దాచిందీ నేనేనని అతనికి తెలుసు. నన్నేమీ అడగలేదు. అడగదగ్గ మనిషిగా కూడా నన్ను లెక్కపెట్టలేదు.