పదకొండో వాక్యంలో కరెంటు తీగ

నా చిన్నప్పుడు మా వాడ మొత్తంలో ఇంగ్లిష్ రాయగలిగిన మనిషిని నేనొక్కదాన్నేనని అందరూ అనుకునేవాళ్లు. తొమ్మిదో తరగతి చదివే పిల్లకు అది ఎంత ప్రమాదకరమైన గౌరవమో అప్పట్లో నాకు తెలియదు.

కరీంనగర్ జిల్లాలో మరమగ్గాల మీద బతికే ఊరు మాది. ఇరుకు వాడ, రేకుల కప్పులు, వాటి మీదుగా కరెంటు తీగలు. రెండు స్తంభాల నడుమ ఒక తీగ నెలనెలా కిందికి జారి, మా మేనత్త బట్టలారేసే ఇనుప దండేనికి మూరెడు ఎత్తు దాకా వచ్చింది. గాలి వీస్తే రవ్వలు రాలేవి. దాన్ని బిగించమని కరెంటు ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలని మా బాపు, చుట్టుపక్కల నేతవాళ్లు నిర్ణయించారు. రాసే పని నాకు అప్పగించారు. అందరికన్నా ఎక్కువ మురిసింది మా మేనత్త. భర్త పోయిన తర్వాత మా ఇంట్లోనే ఉండి బీడీలు చుట్టేది. నాకు జడ వేసేదీ, అన్నం పెట్టేదీ ఆమే.

రెండు రోజులు కూర్చుని పద్నాలుగు వాక్యాలు రాశాను. మాదిరి వ్యాసాల పుస్తకంలో కంఠస్థం చేసిన ప్రతి పదబంధానికీ అందులో చోటు దొరికింది. సాయంత్రం వాడ నడుమ నిలబడి గట్టిగా చదివాను. ఎవరికీ అర్థం కాలేదు, కానీ చప్పుడు అందరికీ నచ్చింది. “కలెక్టరు మాట్లాడినట్టే ఉన్నది గదరా!” అన్నారొకరు.

అర్థమైనవాడు ఒక్కడే, ఎదురింటి చాచా. తహసీలు ఆఫీసు గోడ పక్కన టైపు మిషను పెట్టుకుని దరఖాస్తులు కొట్టేవాడు. “బేటీ, ఏ వాడ, ఎన్నో స్తంభం, ఏమైంది. గీ మూడు రాయి. మిగిలింది కొట్టెయ్,” అన్నాడు.

“నీ ఇంగ్లిష్ ఎండిన రొట్టె లెక్కుంటది చాచా. గందుకే ఇంకా గోడ పక్కనే కూసున్నవు,” అన్నాను.

వాడంతా నవ్వింది. చాచా నవ్వలేదు. “సరే బేటీ, నీ మాటే కానియ్,” అని, ఒక్క అక్షరం తేడా లేకుండా నేను రాసింది రాసినట్టే కొట్టి ఇచ్చాడు. కింద అందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టారు.

తర్వాత ఏం జరిగిందో విచారించి తెలుసుకున్నాం. ఎనిమిదో రోజున లైన్‌మన్ వచ్చాడు. దరఖాస్తులో ఉన్నది ‘పేద నేతగాళ్ల ఇరుకు సందు’ అన్న వర్ణన మాత్రమే. మా ఊళ్లో అలాంటి సందులు నాలుగు. మొదట కనబడిన సందులో, బాగానే ఉన్న తీగను మరికొంచెం బిగించి, పని పూర్తయిందని రాసుకుని వెళ్లిపోయాడు.

తొలకరి గాలికి తీగ తెగి దండెం మీద పడింది. అది చూడక మా మేనత్త తడి చీర తీయబోయింది. పక్కింటాయన ఎండు కర్రతో కొట్టి ఆమెను విడిపించాడు. ప్రాణం దక్కింది. కుడి చేతి వేళ్లు కాలి, ముడుచుకుపోయాయి.

దవాఖాన నుంచి ఆమెను ఇంటికి తెచ్చిన రోజునే చాచా వచ్చాడు. దరఖాస్తు నకలు నా చేతిలో పెట్టి, నన్ను ఆమె మంచం పక్కన నిలబెట్టాడు.

“చదువు. ఇంగ్లిష్ వద్దు. ఒక్కొక్కటి తెలుగుల చెప్పు, అత్తకు.”

“సారూ, మీ దయ సముద్రమంత పెద్దది,” అన్నాను.

మా అత్త శ్రద్ధగా విన్నది. “ఊఁ. మల్ల తీగ?”

“వస్తది అత్తా. మీ పేరు చెప్తె చీకట్లు పారిపోతయి...”

“కరెంటోళ్లకు గదైతె నిజమే,” అని నవ్వింది. “తీగేది?”

నాలుగో వాక్యం దగ్గర మా బాపు లేచి బయటికి వెళ్లిపోయాడు. ఎనిమిదో వాక్యం దగ్గర కాగితం మడవబోయాను. “ఆపకు,” అన్నాడు చాచా. పదకొండో వాక్యంలో, మా భయంలాగే ఒక తీగ వేలాడుతున్నదని రాశాను.

“యాడ?” అన్నది అత్త.

మిగిలిన మూడు వాక్యాల్లోనూ అది లేదు. ఆమె కట్టు కట్టిన తన చేతిని కాసేపు చూసుకుని, “మరి గిది ఎవలకు రాసినవు బిడ్డా?” అని అడిగింది. అందులో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగింది.

చాచా తెల్లకాగితం ఇచ్చాడు. మూడు వాక్యాలు రాశాను. పావుగంట పట్టింది. తెగిన చోట ఆఫీసువాళ్లు అంతకుముందే పాత తీగనే అతికి, మళ్లీ వదులుగా వేలాడదీసి పోయారు. ఆ కాగితం అందిన మూడో రోజున కొత్త తీగ, కావలసినంత ఎత్తులో, బిగించారు.

ఆ కాగితం రాసిన రోజు, పోయేముందు చాచా గడప దగ్గర ఆగి, నా వైపు చూడకుండా అత్తతో అన్నాడు: “చెల్లే, కొట్టేటప్పుడు స్తంభం నంబరు ఒక్కటి ఏస్తె అయిపోతుండె. పోరి మాటకు రోషమొచ్చి ఎయ్యలే.”

నేను విద్యుత్ ఇంజనీరునై, ఉద్యోగ విరమణ చేసి, ఇప్పుడు ఇంగ్లిష్‌లో సాంకేతిక వ్యాసాలు, ఒక బ్లాగు రాస్తున్నాను. పెద్దపల్లి నుంచీ ఆసిఫాబాద్ నుంచీ పిల్లలు తమ రాతలు పంపి, “మేడం, ఇంగ్లిష్ ఇంకా మంచిగ రాయాలంటె ఏం చెయ్యాలె?” అని అడుగుతారు. రాసినదాన్ని ఇంట్లో ఒకరికి తెలుగులో చెప్పమంటాను. వినేవాళ్లకు కావలసిన సంగతి ఎన్నో వాక్యంలో వచ్చిందో లెక్కపెట్టమంటాను. మంచి కిటుకు చెప్పారని మెచ్చుకుంటారు. అది ఎక్కడ నేర్చుకున్నానో వాళ్లకు చెప్పలేదు.

మా అత్త మళ్లీ బీడీలు చుట్టలేదు. ఏ పెండ్లిలోనూ బంతిలో కూర్చోలేదు. నలుగురి నడుమ ఎడమ చేత్తో తినడం నామోషీ అనిపించి, ఎవరు పిలిచినా ఆకలి లేదనేది. ఆమె పక్కన నేనూ తినకుండా కూర్చునేదాన్ని. అందుకు ఆమె ఒక్కసారి కూడా నన్ను వద్దనలేదు.

ఇప్పటికీ వ్యాసం మొదలుపెట్టి, తొలి వాక్యం చాలా అందంగా కుదిరిందనిపిస్తే, ముందు దాన్నే కొట్టేస్తాను.