లోటు ఎవరిదని అడిగిన అమ్మాయి

గర్భసంచి తీయించుకుని నెలరోజులు సెలవులో ఉన్నాక, మళ్ళీ బాపట్ల కాలేజీకి వెళ్ళిన మొదటిరోజే ఆ పాఠం వచ్చింది. అక్కడ చాలా ఏళ్ళుగా మనస్తత్వశాస్త్రం చెబుతున్నాను. పెళ్ళి చేసుకోలేదు. రేపల్లెలో ఒక్కదాన్నే ఉంటాను. ఆపరేషన్ తెనాలిలో జరిగింది. కాగితాల మీద సంతకం దగ్గర, "మగవాళ్ళెవరూ రాలేదాండీ?" అని నర్సు రెండుసార్లు అడిగింది. రాలేదని రెండుసార్లు చెప్పి నేనే పెట్టాను.

పాఠం స్త్రీత్వం గురించి. ఆడపిల్ల మూడు నాలుగేళ్ళ వయసులో మగపిల్లవాడి ఒంటిని చూసి తనకేదో లేదనుకుంటుందనీ, ఆ లోటు చుట్టూనే ఆడదిగా తయారవుతుందనీ మనోవిశ్లేషణ మొదలుపెట్టినాయన రాశాడు. ఏటా ఆ పేజీ చదివి, తర్వాతివాళ్ళ అభ్యంతరాలు రెండు చెప్పి, గంట కొట్టేలోపు ముగించేదాన్ని. ఆరోజు "లోటు" అన్న మాట దగ్గర చదవడం ఆపేశాను. కుట్లు ఇంకా లాగుతున్నాయి. ఈ లెక్కన నేనిప్పుడు ఎవర్ని అనిపించింది.

చివరి బెంచీలో, ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచింది.

"మేడమ్, ఆ లోటు పిల్లకి కనిపించిందా, రాసినాయనకి కనిపించిందా అండి?"

కొందరు నవ్వారు. నోట్సులో జవాబుంది. అది చదవలేదు. నాకు నాలుగేళ్ళప్పుడు తమ్ముడు పుట్టిన సంగతి చెప్పాను. నాయనమ్మ పొత్తిగుడ్డ తీసి వాణ్ణి చూపించగానే, చుట్టూ చేరిన ఆడవాళ్ళందరి ముఖాలూ వెలిగిపోయాయి. నేను వాణ్ణీ చూశాను, నన్నూ చూసుకున్నాను. అంతవరకూ పుస్తకం చెప్పింది నిజమే. కానీ నేను కోరుకున్నది వాడికున్నది కాదు. ఆ ముఖాలు ఒక్కసారి నావైపు తిరిగితే చాలనుకున్నాను. తిరగలేదు. ఈ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు.

గంట కొట్టాక ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చి, "మా ఇంట్లో నేను మూడో ఆడపిల్లనండి," అంది. ఇంకేదో అంటుందేమోనని ఎదురుచూశాను. చీరాల బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.

సాయంత్రం తెనాలిలో దిగాను. రేపల్లె బండి ఆలస్యమంటే ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాను. ఈ సంగతి ఎవరికైనా చెబుదామని ఫోన్ తీసి, పేర్లన్నీ పైనుంచి కిందికి జరుపుకుంటూ పోయాను. ఎవరికి చేసినా ముందు ఒంట్లో ఎలా ఉందనే అడుగుతారు. బాగానే ఉందని చెప్పాక ఇక మాట సాగదు. ఫోన్ సంచీలో వేసుకుని, బండి వచ్చేదాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాను.