జారని బ్రేకు

ఇరవై ఏడేళ్ళుగా ఒక అబద్ధం నా మీద ఉంది. అది నేను ఆడిన అబద్ధం కూడా కాదు. నా కోసం మరొకడు ఆడాడు. ఆడినవాడు దాని బరువు మోశాడు, నేను దాని కింద చల్లగా బతికాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కాస్త సులువుగా ఉంది. మొహాలు తెలిసినవాళ్ళ ముందు చెప్పాల్సిన చోట, చెప్పాల్సిన గడియలో, నోరు మూసుకుని నిలబడ్డాను. అది జరిగి ఇంకా రెండు వారాలు కూడా కాలేదు.

నేను ఓడరేవులో పనిచేశాను. పధ్నాలుగు మంది గ్యాంగు మాది. ఓడలోకి సరుకు దించడం, ఓడలోంచి పైకి ఎత్తడం మా పని. అందరం రిటైరయ్యాం. ఇప్పుడు అరడజను మందిమి మిగిలాం. ఒకడు ఉక్కునగరంలో కూతురి క్వార్టర్లో ఉంటాడు, ఒకడు పద్మనాభం దగ్గర పొలం చూసుకుంటాడు, నేను సీతమ్మధారలో మా అబ్బాయి ఫ్లాట్లో ఉంటాను. ఏడాదికోసారి ఒక ఆదివారం పొద్దున్న వన్‌టౌన్‌లో మా పాత యూనియన్ గదిలో కలుస్తాం. ఆ ఏడాది పోయినవాళ్ళ గురించి మనిషికొక పేజీ రాసి చదువుతాం. రాసేది నేనే. పదో తరగతి ప్యాసయిన పాపానికి మొదటి ఏడాది ఆ పని నా నెత్తిన పడింది. మళ్ళీ దిగలేదు.

దానికో పద్ధతి ఉంది. పేజీ చదివాక కాగితం కింద పెట్టి, "ఇంకేటైనా ఉందా?" అని అడగాలి. మూడుసార్లు అడగాలి. పోయినవాళ్ళ ఇంటివాళ్ళు, ఊరివాళ్ళు కూడా వస్తారు. తెలిసినవాళ్ళు లేచి చెబుతారు. నేను రాసినదాంట్లో తప్పుంటే దిద్దుతారు. మూడోసారి ఎవరూ లేవకపోతే ఆ పేజీని పెద్ద పుస్తకంలో జిగురుతో అతికిస్తాం. అతికించాక ఆ మనిషి బతుకు అదే. ఇంటివాళ్ళు కూడా అదే చదువుకుంటారు.

ఈ ఏడాది ముగ్గురు పోయారు.

మొదటివాడు మేస్త్రీ అప్పన్న. ముప్పై ఏళ్ళు సరుకు ఎత్తిదించే వించి యంత్రం రొదలో నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి. ఆయన గురించి నేను అంతే రాశాను, ఆయన కోపం గురించి నాలుగు సరదా మాటలు కలిపాను. "ఇంకేటైనా ఉందా?" అని అడిగితే వాళ్ళ ఊరి మనిషొకడు లేచాడు. ఆ ఊళ్ళో పుట్టు చెవిటి ఆడమనిషి ఒకావిడ ఉందట. ఎవరితోనూ మాట కలిసేది కాదట. అప్పన్న రిటైరై వెళ్ళాక అరుగు మీద కూర్చుని ఆమెకి మా ఓడ సైగలన్నీ నేర్పాడట. దించు, ఎత్తు, ఆపు, నిదానం. పదేళ్ళు ఇద్దరూ రోజూ అలా మాట్లాడుకున్నారట. ఆయన్ని తీసుకెళ్ళేటప్పుడు ఆమె దారి పక్కన నిలబడి, రెండు చేతులూ అడ్డంగా ఊపిందట. ఆ సైగకి అర్థం, పని అయిపోయింది, ఇంటికెళ్ళండి అని. ఒక మనిషి గురించి నాకంతా తెలుసనుకుని పేజీ రాశాను. నాకు ఏం తెలుసు?

మిగతా ఇద్దరి గురించి మాత్రం నాకే తెలుసు. నాకొక్కడికే తెలుసు.

గౌసు, పైడిరాజు. గౌసుది వన్‌టౌన్. ఓడ అడుగున, హోల్డులో పని అతనిది. పైడిరాజుది పద్మనాభం వైపు పల్లె. వించి నడిపేవాడు. నేను వాళ్ళిద్దరికీ మధ్యలో ఉండేవాణ్ణి. వించి మీద కూర్చున్నవాడికి ఓడ అడుగు కనిపించదు. అడుగున ఉన్నవాళ్ళ కేకలు వాడికి వినిపించవు. హోల్డు అంచున నిలబడి కిందికి చూస్తూ వించివాడికి చేత్తో సైగ చేసేవాడొకడు కావాలి. ఆ సిగ్నల్ మనిషిని నేను. అరచేయి కిందికి ఊపితే దించు. పిడికిలి బిగిస్తే ఆపు. పైడిరాజు నా చేతిని తప్ప దేన్నీ చూసేవాడు కాదు. నా చేతిని నమ్మి అన్ని టన్నుల ఇనుమూ మనుషుల మధ్యలోకి దించేవాడు. కిందికి వచ్చేసరికి నేల కూడా అదిరేది కాదు.

అప్పుడు నాకు ముప్పై అయిదేళ్ళు. టెంపరరీ. చేతిలో పని ఉందని పొగరు. ఓడ మొత్తానికి మా హోల్డే అందరికంటే ముందు నిండాలని పంతం. పోనుపోను నాకో కిటుకు అబ్బింది. కిందివాళ్ళు నేల మీద చెక్కలు పరిచి పక్కకి తప్పుకునేసరికి పది అంకెలు లెక్కపెట్టేంతసేపు పట్టేది. రోజూ అంతే. ఇక చూడ్డం ఎందుకు? పది లెక్కపెట్టి చెయ్యి ఊపేవాణ్ణి. ఒక చెయ్యి పైడిరాజు వైపు, కళ్ళు సముద్రం వైపు. చూడకుండా సైగ చేస్తాడ్రా వీడు అని తోటివాళ్ళు మెచ్చుకుంటే ఉబ్బిపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ మెచ్చుకోలు నా చెవుల్లో కారం పోసినట్టుంటుంది.

ఆ రోజు ఇనుప చువ్వల కట్టలు దించుతున్నాం. మధ్యాహ్నం. నేను పది లెక్కపెట్టాను. చెయ్యి ఊపాను. గౌసు పక్కకి తప్పుకున్నవాడే, ఒక చెక్క వంకరగా పడిందని సరిచేయడానికి మళ్ళీ వచ్చాడు. చెక్క వంకరగా ఉంటే కట్ట దొర్లి ఇంకెవరి మీదైనా పడుతుందని వచ్చాడు. తన కోసం కాదు. కింద నుంచి అరుపు వినిపించి అప్పుడు చూశాను. నా పిడికిలి బిగుసుకోకముందే, నా మొహం చూసి పైడిరాజు వించి ఆపేశాడు. ఆ అరక్షణం అతను ఆపబట్టే గౌసు ప్రాణం మిగిలింది. కుడికాలు మాత్రం మోకాలి కింద నుంచి పోయింది.

నిచ్చెన మీంచి దూకి గౌసుని భుజాన వేసుకుని పైకి తెచ్చింది నేనే. అది నిజం. దాన్ని ఎవరూ కాదనలేరు. ఆసుపత్రిలో కళ్ళు తెరవగానే గౌసు నా చెయ్యి పట్టుకుని, నువ్వు నా తమ్ముడివి అన్నాడు. ఏ చెయ్యి పట్టుకున్నాడో నాకు ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు పొద్దున్న విచారణ. గది బయట మెట్ల మీద పైడిరాజు నా కోసం కూర్చుని ఉన్నాడు.

"నువ్వు కిందకి సూడనేదు కదా బావ?" అన్నాడు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "సూడనేదు" అన్నాను.

"సరే. బ్రేకు జారిందని నాను రాసిచ్చేసినాను. నువ్వేటీ మాటాడకు."

"అదేటి బావ? బ్రేకు జారనేదు కదా?"

"నాను పర్మనెంటోణ్ణి. మహా అయితే వించి మీంచి దింపేత్తారు. నువ్వు టెంపరరీవోడివి, గేటు బయటికి తోసేత్తారు. ఇంటికాడ పాలు తాగే బిడ్డుంది నీకు." లేచి పంచె దులుపుకున్నాడు. "ఒక్కటే సెప్తన్నాను. ఇంక లెక్కెట్టకు. సూడు."

అంతే. ఆ మాటలు అని లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు. ఆపాలని కాళ్ళు ఒక్క అడుగైనా ముందుకు వేశాయా అని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. వేయలేదు. నిజం చెప్పాలంటే నాకు ఊపిరి పీల్చుకున్నట్టు అయింది. మనిషికి సిగ్గు వెంటనే రాదు. ముందు హాయి వస్తుంది. సిగ్గు తర్వాత తీరిగ్గా వస్తుంది.

అతను అన్నట్టే అయింది. రెండేళ్ళకి నేను పర్మనెంటయ్యాను. కోడిగుడ్డుని కూడా పగలకుండా దించగల పైడిరాజు రిటైరయ్యేదాకా యార్డులో చెక్కలు ఏరుతూ, తాళ్ళు చుడుతూ గడిపాడు. ఏనాడూ మొహం ముడుచుకోలేదు. కొత్తగా వించి ఎక్కిన కుర్రాళ్ళు తడబడితే కింద నిలబడి చెయ్యెత్తి నేర్పేవాడు. తనకి తీసేసిన పనిని ఊరికే పంచిపెట్టాడు. ఎక్కణ్ణించి వస్తుంది మనిషికి అంత మనసు? నేను ఇన్నేళ్ళు ఆలోచించాను. నాకు అంతు దొరకలేదు.

గౌసు కాలు పోయాక వాళ్ళింటి కిందే గొడుగులు, స్టవ్వులు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. కోతలు అవగానే పైడిరాజు ఏటా ఒక బస్తా కొత్త బియ్యం బస్సులో వేసుకుని ఆ కొట్టుకి తెచ్చేవాడు. గౌసు ముట్టేవాడు కాదు. గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు. పైడిరాజు బస్తాని పక్కనున్న దర్జీ కొట్లో దించి, దండం పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆరేళ్ళు అలా జరిగింది. ఆ ఆరేళ్ళూ పై అంతస్తులో గౌసు ఇంటికి నేను సొంత మనిషిని. రంజాన్ పండక్కి షీర్ ఖుర్మా మొదటి గిన్నె మా ఇంటికి వచ్చేది. గౌసు కూతురు నస్రీన్ నన్ను చాచా అని పిలిచేది.

ఏడో ఏడు పెద్ద గాలివానకి గౌసు ఇంటి పైకప్పు రేకులు లేచిపోయాయి. ఎవరూ పిలవకుండానే పైడిరాజు ఊరి నుంచి వచ్చి, రెండు రోజులు పైకెక్కి రేకులు బిగించాడు. దిగి వెళ్ళిపోతుంటే గౌసు కర్ర పట్టుకుని బయటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. "పైడిరాజూ, నిన్ను మాఫ్ చేసినాను. ఇంక ఆ సంగతి మనసులో ఎట్టుకోకు" అన్నాడు. పైడిరాజు నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. తలవంచి, గౌసు చేతులు రెండూ పట్టుకుని, ఏడ్చాడు. చేయని తప్పుకి దొరికిన క్షమని అంత మర్యాదగా తీసుకున్నాడు. అప్పుడైనా నేను నోరు తెరవలేదు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. గౌసు పోయిన రోజు పైడిరాజు మసీదు బయట ఎండలో నిలబడి, మోసుకెళ్ళేటప్పుడు అందరితోపాటు ఒక భుజం పట్టాడు. రెండు నెలలకి తనూ పోయాడు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆసుపత్రిలో చివరి రోజుల్లో అన్నం తినిపించింది నస్రీనే.

కాబట్టి పైడిరాజుకి ఈ లోకంలో మిగిలేది ఒక్క పేజీ. అది రాయాల్సింది నేను. ఏం రాశానో చెప్పనా? "పనిలో ఒకే ఒక్కసారి బ్రేకు జారి ప్రమాదం జరిగింది. ఆ తప్పుకి జీవితాంతం బాధపడ్డాడు." నా చేత్తో, నా అందమైన దస్తూరీతో రాశాను. నిలబడి చదివాను. "ఇంకేటైనా ఉందా?" అని అడిగాను.

నస్రీన్ లేచింది. "తప్పు చేసినోళ్ళు ఎలా బతకాలో పైడిరాజు మామని చూసి నేర్చుకోండి అని మా అబ్బాజాన్ చెప్పేవోరు" అంది. అందరూ తలలూపారు. రెండోసారి అడిగాను. మూడోసారి కూడా అడిగాను. జవాబు చెప్పాల్సినవాణ్ణి, అడిగేవాణ్ణి నేనే. ఎవరూ లేవలేదు. జిగురు నేనే రాశాను. నేనే అతికించాను.

చేసిన తప్పు ఇరవై ఏడేళ్ళ కిందటిది, నాకు అప్పుడు బుద్ధి లేదు అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. ఆ ఆదివారం చేసినదానికి ఏం చెప్పుకోను? అప్పుడు బతికున్న మనిషి ఉద్యోగం తీసుకున్నాను. ఇప్పుడు చనిపోయిన మనిషి పేరు తీసుకున్నాను. మొదటిది అతనే ఇచ్చాడు. రెండోది అతను ఇవ్వలేదు.

పది రోజులు తిండి సహించలేదు. నిన్న పొద్దున్న కొత్త కాగితం తీసి, ఉన్నదున్నట్టు పేజీ రాసి, వన్‌టౌన్ వెళ్ళాను. నస్రీన్ ఎప్పటిలాగే కూర్చోబెట్టి టీ తెచ్చింది. కప్పు ముట్టుకోకుండా మొత్తం చెప్పాను. పది లెక్కపెట్టడం, చూడకపోవడం, మెట్ల మీద మాటలు. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తబరచలేదు. ఆమె ఒక్కటే అడిగింది.

"పైడిరాజు మామని అబ్బాజాన్ ఆరేళ్ళు గుమ్మం ఎక్కనివ్వలేదు కదా చాచా. ఆ ఆరేళ్ళూ మీరు మా ఇంట్లో కూర్చుని టీ తాగినారు కదా?"

"తాగేనమ్మా" అన్నాను.

ఆమె లేచి, నా ముందున్న కప్పు తీసుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి రాలేదు.

కాసేపు చూశాను. కాగితం బల్ల మీద పెట్టాను. వచ్చే ఏడాది అది గదిలో చదవాలి. నాకు మళ్ళీ నోరు పెగలకపోతే ఆమె చదువుతుందేమో. నేను అడగలేదు. అడిగే అర్హత నాకు లేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగి బస్సు ఎక్కాను.

ఇంకొకటి ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చోగానే నాకు హాయిగా నిద్ర పట్టేసింది. సీతమ్మధార ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు దాటిందో తెలియలేదు. ఆఖరి స్టాపులో కండక్టరు భుజం తట్టి లేపాల్సి వచ్చింది.